ఏనుగు గారి కందులకు సూర్యదర్శనం

ఒక పెద్ద అడవిలో, ఎంత పెద్దదంటే ఒక కొసన వరదకు చెట్లు కొట్టుకుపోతుంటే ఇంకో కొసన కూర్చుని కరువు గురించి తీర్మానాలు చేసుకునేంత పెద్ద అడవిలో, ఒక విత్తనాల కొట్టు ఉండేది. కొట్టంటే గుహ. కొండ నడుముకు తూర్పు మొహంగా, ముందు చాప పరిచినట్టున్న బండరాయితో.

అడవి జంతువులు సేద్యం చేస్తాయా అని అడిగేవాళ్ళుంటారు. సభలు పెట్టి, కమిటీలు వేసి, ఒకళ్ళ మీద ఒకళ్ళు విచారణలు జరిపించుకోగలిగిన జంతువులు నాలుగు గింజలు చల్లుకోలేవా? కార్చిచ్చుకు మేతంతా తగలబడిపోయిన ఏడాది నుంచి వాగు పక్క బయల్లో కందులూ పెసలూ ఉలవలూ వేసుకోవడం అలవాటు చేసుకున్నాయి. కోతలయ్యాక ప్రతి కుటుంబమూ తన విత్తనం తెచ్చి కొట్టులో దాచాలి, తొలకరికి తీసుకుపోవాలి. అదీ ఏర్పాటు.

కొట్టుకు మొదట ఉడతను పెట్టారు. రుచి చూడకపోతే నాణ్యం ఎలా తెలుస్తుందని ఉడత అడిగింది. నిజమే కదా అన్నారు. కొట్టు ఖాళీ అయ్యేదాకా అది నాణ్యం చూసింది. తరవాత చిలకను పెట్టారు. చిలక తినడం కన్నా పారబోయడం ఎక్కువ. చివరికి సభవారికి ఒక మహత్తరమైన ఆలోచన వచ్చింది. పప్పుగింజ అంటే గిట్టని జంతువును పెడితే సరి. అలా అలుగు నరసింగానికి ఉద్యోగం వచ్చింది.

అలుగును చాలామంది చూసి ఉండరు. ఒళ్ళంతా పెంకుల్లాంటి పొలుసులు, బారెడు నాలుక, నోట్లో ఒక్క పన్ను ఉండదు. చీమలూ చెదలూ దాని తిండి. భయం వేస్తే తల పొట్టలో దూర్చుకుని బంతిలా చుట్టుకుంటుంది. ఇక పులి వచ్చి దొర్లించినా విప్పుకోదు. ఈ గుణం ఉన్నవాళ్ళు ఉద్యోగాల్లో బాగా రాణిస్తారు. నరసింగమూ రాణించాడు. ఇబ్బందైన ప్రశ్న ఎవరైనా అడిగితే చుట్టుకునేవాడు. అడిగినవాళ్ళు కాసేపు చూసి, జవాబు దొరికినట్టే వెళ్ళిపోయేవాళ్ళు.

పనిలో మాత్రం వంక పెట్టడానికి లేదు. వచ్చిన గింజను వచ్చినట్టే బండమీద పల్చగా పోయించేవాడు. కొరికితే టప్పుమని విరగాలి. మెత్తగా నొక్కుకుపోయిందా, మళ్ళీ ఎండకే. తనకు పళ్ళు లేవు కాబట్టి కొరికే పని తెచ్చినవాళ్ళది, వినే పని తనది. ఆరాక మచ్చ గింజలూ, ముడతపడ్డవీ, రంగు తిరిగినవీ ఏరించేవాడు.

పప్పుగింజకు పట్టే తెగులు చిత్రమైంది. పురుగైతే బయటినుంచి వస్తుంది, తరిమికొట్టవచ్చు. ఇది గింజ పొట్టలోనే పడుకుని కొట్టులోకి వస్తుంది. అందులో బూజు రకానిది కొంత నయం, కంటికైనా కనిపిస్తుంది. ఇంకొకటి ఉంది, అది కంటికి ఆనదు. చెమ్మ తగిలేదాకా పెద్దమనిషిలా ఊరుకుంటుంది, విత్తాక మొలకతో పాటే లేచి మొలకనే కుళ్ళబెడుతుంది. పక్క గింజకు అంటించే విషయంలో మాత్రం రెంటికీ తేడా లేదు. వీటికి నరసింగం దగ్గరున్న మందు ఎండ, ఏరివేత, కాస్త బూడిద, నాలుగు ఎండు వేపాకులు, నేల చెమ్మ తగలకుండా కింద కర్రల మంచె. అడవిలో అందరికీ తెలిసిన మందే. అందుకే దానికి గౌరవం లేదు.

ఆ ఏడు కోతలయ్యాక కుందేలు సూరమ్మ తన పెసలు తెచ్చింది. సన్న గింజ, ఒంటిమీద నల్లటి చార.

"బాబాయ్, ఇది మా అమ్మ విత్తనం. వాన మొహం చాటేసినా కాయ పడుతుంది. కిందటేడు బయలంతా మాడిపోతే ఇదొక్కటే నిలబడింది, చూశావుగా?"

"చూశానమ్మాయ్. అందరూ దాని కాయలే తిన్నారు."

"తినేసి మిగిల్చింది ఇంతే. ఇది పోతే ఈ రకం మళ్ళీ పుట్టదు. ఇంట్లో పిల్లలకు గుప్పెడు కూడా ఉంచకుండా తెచ్చాను."

"ఎందుకుంచలేదు?"

"ఉంచితే తినేస్తాం బాబాయ్. కడుపు కాలేటప్పుడు ఇది విత్తనం, ఇది తిండి అని ఎవరు చూస్తారు?"

సూరమ్మ ఒక గింజ పంటి కింద పెట్టింది. టప్పుమంది. నరసింగం చెవులు ఆనందంతో కదిలాయి.

"పో, నిశ్చింతగా పో. నా చేతిలో ఉన్నంతకాలం నీ గింజకు బూజు మొహం తెలియదు. ఇది నా మాట" అన్నాడు. మాట ఇచ్చేటప్పుడు ఎవరూ చుట్టుకోరు. అది తరవాతి సంగతి.

మర్నాడు భద్రయ్య గారి కందులు వచ్చాయి.

ఏనుగు భద్రయ్య గారు సభకు అధ్యక్షులు. మనసు వెన్న. ఆయన కోప్పడగా ఎవరూ చూడలేదు. ఎవరూ ఎప్పుడూ అడ్డు చెప్పకపోవడం వల్ల ఆయనకు ఆ అవసరం రాలేదు. కోతల రోజుల్లో అకాలవర్షం పడితే మిగతావాళ్ళు ఆగారు. ఆయన ఆగలేదు. బురదలో కాయలు తొక్కించి, తొక్కించినవి తొక్కించినట్టే ఆకుల బుట్టల్లో ఎత్తించారు. ముందు కీచురాళ్ళ సన్నాయి, వెనక బంధుకోటి, మధ్యలో నీళ్ళు కారుతున్న బుట్టలు. ఊరేగింపును నడిపించేది నెమలి కాంతారావు. అడవిలో మర్యాదలన్నీ ఆయన చూసేవాడు. ఎవరు ఎక్కడ నిలబడాలి, ఎవరి ముందు ఎవరు దగ్గకూడదు, ఇలాంటివి.

పెద్దల గింజ విషయంలో కాంతారావు పెట్టిన మర్యాదలు కొన్ని ఉన్నాయి. దాన్ని నేలమీద పోయకూడదు. చెరగకూడదు, చెరగడమంటే అందులో తాలుందని అనుమానించినట్టు. ఏరకూడదు, అది ఇంకా అవమానం. బూడిద పేరే ఎత్తకూడదు, అశుభం. గుహలో అందరికన్నా లోపల, అందరికన్నా ఎత్తున, గాలి కూడా అనుమతి లేకుండా వెళ్ళలేని చోట ఒక అరుగు ఉంది. పెద్దల గింజ అక్కడ వేంచేయాలి.

నరసింగం మెల్లిగా గోరు కందుల్లో దించాడు. వెచ్చగా ఉంది. ఆరిన గింజ చల్లగా ఉంటుంది. వెచ్చగా ఉందంటే లోపల అప్పుడే ఎవరో కాపురం పెట్టారన్నమాట.

"అయ్యా, కందులు కాస్త..." అన్నాడు.

"కాస్త?" అన్నారు భద్రయ్య గారు, ఎంతో దయగా.

"కాస్త నిండుగా ఉన్నాయండి."

"ఉండవూ! మా చెలక నీటి మహిమ అది."

"ఆ నీళ్ళే కొంచెం..." అనబోయి కాంతారావు మెడ తిప్పడం చూశాడు నరసింగం. తల పొట్టలోకి వెళ్ళిపోయింది.

"వినయం చూశారా!" అన్నాడు కాంతారావు. కందులు అరుగెక్కాయి.

కొద్ది రోజుల్లో గుహలో ఒక వాసన మొదలైంది. వాన వెలిశాక పుట్టగొడుగుల పక్కన వచ్చే వాసన. కందుల కుప్ప పైపొర గట్టిగానే కనిపిస్తోంది. గోటితో కదిపితే అడుగున గింజలు చెయ్యీ చెయ్యీ పట్టుకుని ముద్దలుగా లేచాయి. ఆ అరుగు కిందనే సూరమ్మ పెసలు. నరసింగం వాటిని ఎంత జరిపినా ఆ గుహలో ఎంత దూరమని జరుపుతాడు? రోజూ పొద్దున్నే బయటికి తెచ్చి ఎండలో పోసేవాడు, సాయంత్రం లోపలికి తీసుకెళ్ళి ఆ వాసన పక్కనే పెట్టేవాడు. స్నానం చేయించి మళ్ళీ బురదలో కూర్చోబెట్టినట్టుంది పని.

ఏనుగు కందులు బాగుపడితే తప్ప కుందేలు పెసలు బతకవు. ఏనుగు కందులు బాగుపడాలంటే ఎండలో పోయాలి. పోస్తే అవమానం. అవమానిస్తే ఉద్యోగం పోతుంది. ఈ నాలుగు మాటల చుట్టూ నరసింగం చాలా రోజులు తిరిగాడు. తిరగ్గా తిరగ్గా అతనికి ఒక ఉపాయం తట్టింది. వెంటనే కాంతారావు దగ్గరికి వెళ్ళాడు.

"బాబూ, ఒక్క మనవి. భద్రయ్య గారి కందులు పాపం చీకట్లో పడి ఉన్నాయి. వారి స్థాయికి అది తగునా అని నాకు నిద్ర పట్టడం లేదు."

"అందరికన్నా ఎత్తునే ఉన్నాయిగా?"

"ఉన్నాయండీ, ఎవరు చూశారు? అంతటి కందుల్ని సూర్యభగవానుడు ఇంతవరకు కళ్ళారా చూడనేలేదు."

కాంతారావు పింఛం ఒక్కసారి కదిలింది. "సూర్యదర్శనం!" అన్నాడు.

"చిత్తం. సూర్యుడికి దర్శనం. ఇచ్చేది కందులు, పుచ్చుకునేది సూర్యుడు."

"ఎంతసేపు?"

"వారి హోదాను బట్టి పొద్దున్నుంచి సాయంత్రం దాకా, ఒక వారం ఉండాలండి. దర్శనానికి అడ్డు లేకుండా పల్చగా పరవాలి. ఆ పైన భస్మధారణ."

"బూడిదా?" కాంతారావు మెడ నిక్కింది.

"రామ రామ! సూరమ్మ పెసలకు చల్లితే అది బూడిద. వారి కందులకు అలదితే భస్మం. మీకు తెలియనిదా!"

కాంతారావుకు తెలియనిది ఉండదు కదా. ఒప్పుకున్నాడు. నరసింగం ఆ రోజు ఇంటికి వెళ్తూ దారిలో చీమల పుట్ట కనిపించినా ఆగలేదు, అంత సంతోషం.

సూర్యదర్శనం రోజు బండ దగ్గరికి వెళ్ళేసరికి నరసింగానికి బండ కనిపించలేదు. పందిరి కనిపించింది. టేకాకులతో ఒత్తుగా, చీమ నడిచేంత సందు లేకుండా కప్పిన పందిరి.

"ఇదేమిటండీ?"

"ఏమిటంటే? భద్రయ్య గారు దర్శనానికి వేంచేస్తుంటే ఎండలో నిలబెడతావా?"

"వారు వేరే నిలబడవచ్చు కదండీ, కందులు..."

"వారు ఒకచోటా, వారి కందులు ఒకచోటా! నీకు లోకజ్ఞానం బొత్తిగా లేదు, నరసింగం."

సూర్యుడు పందిరి మీద నుంచి చూడగలిగినంత చూసి సాయంత్రానికి వెళ్ళిపోయాడు. వారమంటే అతిథులకు విసుగని దర్శనం ఆ ఒక్క రోజుతోనే ముగించారు. తరవాత భస్మధారణ. పొడి బూడిద గాలికి ఎగిరి అతిథుల కళ్ళలో పడుతుందని దాన్ని నీళ్ళలో కలిపి, ఇప్పపూల రసం జోడించి, గంధంలా మెత్తగా చేసి కందులకు పట్టించారు. తడి కందులు ఇంకాస్త తడిశాయి, కమ్మటి వాసన కూడా వచ్చింది. బూజుకు విందు పెట్టి, తాంబూలం ఇచ్చి, ఇంక మీరు ఇక్కడే ఉండండి అన్నట్టయింది. నరసింగం రెండు మూడుసార్లు నోరు తెరిచాడు. ప్రతిసారీ ఎవరో ఒకరు అతని వంక చూశారు. ఆ రోజు చాలామటుకు బంతి రూపంలోనే గడిచింది.

మర్నాడు అడవిదున్న వీర్రాజు వచ్చి బండ మీద కాలు తాటించాడు.

"మా ఉలవలేం పాపం చేశాయయ్యా? మేమేమన్నా నడుమంత్రపు వాళ్ళమా? భద్రయ్య తాత వాగు దాటక ముందే మా తాత ఇక్కడ మేశాడు!"

ఉలవలకు దర్శనం జరిగింది. తరవాత ఎలుగుబంటి అలసందలకు. ఆ తరవాత చిరుతపులి వచ్చింది. దానికి గింజలు లేవు, పుట్టి బుద్ధెరిగి గింజ తినలేదు. అయినా పరువు విషయం కాబట్టి ఎవరివో నాలుగు శనగలు పట్టుకొచ్చి దర్శనం చేయించుకుని వెళ్ళింది.

ఒక పద్ధతి మొదలయ్యాక అది ఎక్కడ ఆగుతుందో మొదలుపెట్టినవాడి చేతిలో ఉండదు. నరసింగం ఈ ముక్క సూరమ్మ గొంతు విన్నప్పుడు తెలుసుకున్నాడు. ఆమె పెసలు ఎండలో పోయడానికి వచ్చింది. బండకు కాపలాగా పెట్టిన అడవిపంది గుర్నాథం అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"వెనక్కి, వెనక్కి. బండ పెద్దలకే."

"రోజూ పోస్తున్నదేగా అన్నా!"

"రోజూ పోసినప్పుడు అది ఎండ. ఇప్పుడు దర్శనం. ఎవడు పడితే వాడు చేయించుకుంటే దర్శనానికి విలువేముంటుందని కాంతారావు గారు నిన్న మూడు గుట్టలకు వినపడేలా అరిచారు. విన్లేదా, అంత చెవులున్నాయి?"

"పోనీ కాస్త బూడిదన్నా..."

"భస్మం అను. అదీ పెద్దలకే. నీడన పెట్టుకోమ్మా, చల్లగా ఉంటుంది. పైగా భద్రయ్య గారి కందుల పక్కన చోటంటే మాటలా!"

సూరమ్మ గుహ గుమ్మంలో ఉన్న నరసింగం వంక చూసింది. "బాబాయ్?"

తల పొట్టలోకి పోవడానికి సిద్ధంగా ఉంది. బలవంతాన ఆపుకుని, "నాలుగు రోజులు ఓపిక పట్టమ్మాయ్" అన్నాడు. అంతకన్నా చుట్టుకుని ఉంటేనే బాగుండేది.

ఆ నాలుగు రోజులూ మబ్బు పట్టి, గుహ గోడలకు చెమట పోసింది. సూరమ్మ మళ్ళీ వచ్చి ఒక పెసర గింజ పంటి కింద పెట్టింది.

"విను బాబాయ్."

నరసింగం చెవి ఒగ్గాడు. చప్పుడు లేదు. గింజ మెత్తగా నొక్కుకుపోయింది. ఇంకొకటి పెట్టింది. అదీ అంతే. కుప్పలో అక్కడక్కడ గింజల మీద సూదిమొనంత మచ్చలు వచ్చాయి.

"మాట ఇచ్చావు" అంది. అంతే అంది.

అటు అరుగు మీద సన్మానాలు పొందిన గింజలన్నీ నల్లబడి, వాటి మీద తెల్లటి నూగు లేచింది. ఆ వాసన కొండ దిగి సభాస్థలం దాకా వచ్చింది. అడవిలో ఏ సమస్య అయినా పెద్దవాళ్ళ ముక్కుకు తగిలాకే సమస్య అవుతుంది కనక వెంటనే సభ కూడింది.

"ఏమిటీ వాసన?" అన్నారు భద్రయ్య గారు, తొండం ముడిచి.

కాంతారావు లేచాడు. "అధ్యక్షా, పెద్దల గింజలకు జరగవలసిన మర్యాదలన్నీ జరిగాయి. ఒక్కటి లోపం రాలేదు. కాబట్టి తప్పు వాటిది కాదు. మర్యాద జరగని గింజ ఏదో లోపల ఉండి ఈ తెగులు పుట్టించింది."

"ఎవరిదది?" వీర్రాజు కొమ్ములు ఊపాడు.

అందరూ నరసింగం వంక చూశారు. వెనక వరసలో సూరమ్మ కూడా చూసింది. బాబాయి ఇప్పుడైనా నిజం చెబుతాడని ఆ కళ్ళలో ఆశ ఉంది.

నిజం చెబితే ఏమవుతుందో నరసింగం ఆలోచించాడు. కందుల వల్లే తెగులు వచ్చిందంటే భద్రయ్య గారు నొచ్చుకుంటారు. తనను తీసేస్తారు. పోతే పోయింది. కానీ తన చోట గుర్నాథాన్ని పెడతారు, పెసలు అదే నీడలో కుళ్ళుతాయి. పెసలకు కావలసింది నిజం కాదు, ఎండ. ఈ అడవిలో ఎండకు గౌరవమనే పేరు పెట్టింది తానే. ఆ పేరు మార్చి ఎండను మళ్ళీ కిందివాళ్ళకు తేవడానికి ఇంకెవరూ రారు.

మొదటిసారి చుట్టుకోకుండా సభ మధ్యకు నడిచాడు.

"సూరమ్మ పెసలండి" అన్నాడు.

సూరమ్మ చెవులు రెండూ వాలిపోయాయి.

"అవి మీ గింజల పక్కన నీడన ఉండడానికి తగవండి. ఆ నీడ వాటికి ఎక్కువ" అన్నాడు నరసింగం, నేల చూస్తూ.

"ఎక్కువే మరి! ఈడ్చి ఎండలో పడేయండి!" అరిచాడు వీర్రాజు.

"పందిరి?" అని అడిగాడు గుర్నాథం.

"నేరం చేసినదానికి పందిరా? బొబ్బలెక్కనీ!"

కాంతారావు వెనకబడే రకం కాదు. "ఎత్తు మీద పెట్టండి, అందరూ చూసి సిగ్గు తెచ్చుకునేలా. నెత్తిన బూడిద పోయండి. భస్మం కాదు, పొయ్యిలోది, పొడి బూడిద!"

"చేదు తినిపించాలి. వేపాకులో పొర్లించండి" అంది ఎలుగుబంటి. తేనె తప్ప ఎరగని ప్రాణం, దానికి తోచిన ఘోరశిక్ష అది.

"ఒక్కొక్క గింజనూ విచారించాలి. మచ్చ ఉన్నదాన్ని కాల్చేయాలి. ఆ ఇంటిదే ఏరాలి!" అంది చిరుతపులి.

భద్రయ్య గారు చెవులు విసురుకుంటూ విని, చివర నిట్టూర్చారు. "నాకు ఎవరిమీదా కోపం లేదు. కానీ రేపు వాటిని మన బయల్లో చల్లవద్దు. వాగు అవతల, ఎప్పుడూ ఎవరూ ఏమీ వేయని ఆ గట్టు మీద వేసుకోమనండి."

తెగులు ఎరగని కొత్త నేల! నరసింగానికి ఆయన కాళ్ళ మీద పడాలనిపించింది. దేనికని అనుకుంటారోనని ఊరుకున్నాడు.

సభ ముగిశాక సూరమ్మ వెనక పడ్డాడు. "అమ్మాయ్, ఒక్క మాట..."

"నన్ను పిలవకు" అని ఆమె పొదల్లోకి వెళ్ళిపోయింది.

శిక్ష అమలు నరసింగం చేతుల మీదే జరిగింది. ఇంత కఠినుడని అతన్ని గురించి ఎవరూ అనుకోలేదు. బండకు పక్కనే ఉన్న ఎత్తైన రాయి మీద పెసలు పల్చగా పరిచి, పొద్దుతో పాటు తిప్పించాడు. ఒక వైపు మాత్రమే కాలితే శిక్ష సగమే అయినట్టని గుర్నాథానికి వివరించాడు. గుర్నాథం ఎంతో భక్తిగా ముట్టెతో తిరగేశాడు. దారిన పోయేవాళ్ళు ఆగి, పాపం ఎంత ఎండలో పెట్టారో అని జాలిపడ్డారు.

సూరమ్మ తల ఎత్తకుండా మచ్చ గింజలు ఏరి పక్కన పడేసింది. మూడు వంతుల్లో ఒక వంతు పోయింది. మిగిలినవాటికి బూడిద పట్టించి, వేపాకు కలిపేముందు, అలవాటు కొద్దీ ఒక గింజ పంటి కింద పెట్టింది.

టప్పుమంది.

ఆమె నమలడం ఆపి నరసింగం వంక చూసింది. చాలాసేపు చూసింది. నరసింగం అడవిలో ఎన్నడూ చూడనట్టు ఒక మబ్బును చూస్తూ కూర్చున్నాడు. గుర్నాథం ఎదురుగానే ఉన్నాడు మరి.

తొలకరి పడింది. సన్మానం పొందిన కందులను సన్నాయితో తీసుకెళ్ళి చల్లారు. సగం గింజలు మట్టిలోనే మెత్తబడి మట్టయ్యాయి. మొలిచినవాటిలో కొన్ని మొదలు దగ్గర కుళ్ళి, మొక్కుతున్నట్టు ఒరిగిపోయాయి. నిలబడ్డ నాలుగింటికీ ఆకుల మీద తడి మచ్చలు లేచాయి. ఉలవలూ అలసందలూ అదే దారి పట్టాయి. వాగు అవతల గట్టు మీద మాత్రం వెలివేసిన పెసలు పచ్చగా, వరసగా లేచాయి. వాన మధ్యలో ఎగ్గొట్టినా కాయ పట్టాయి. ఆ ఏడు అడవంతా ఆ కాయలతోనే బతికింది. పంచుకునేటప్పుడు ఎవరూ అంటు పాటించలేదు.

కోతలయ్యాక సభ మళ్ళీ కూడింది. పెద్దల గింజ ఎందుకు మొలవలేదు, దోషి గింజ ఎందుకు మొలిచింది అన్నది విషయం. ఎండ వల్లనని ఎవరైనా అంటారేమోనని నరసింగం భయపడ్డాడు, ఆశపడ్డాడు కూడా. ఎవరూ అనలేదు.

"శిక్ష మహిమ. శిక్ష పడితే బుద్ధి వస్తుంది, బుద్ధి వస్తే మొలుస్తుంది" అని తేల్చాడు కాంతారావు.

"అయితే మా ఉలవలకు శిక్ష ఎందుకు వేయలేదూ? మేమేమన్నా తక్కువవాళ్ళమా?" వీర్రాజు కాలు తాటించాడు.

సభ ఏకగ్రీవంగా తీర్మానించింది. వచ్చే ఏడు నుంచి శిక్షలన్నీ పెద్దల గింజలకే. మొదటి శిక్ష భద్రయ్య గారి కందులకు. ఆయన ఎంతో వినయంగా తొండం వంచి ఒప్పుకున్నారు. శిక్షకు పందిరి వేయించే భారం కాంతారావు తీసుకున్నాడు.

ఆ సాయంత్రం సూరమ్మ కొట్టు దగ్గరికి వచ్చింది. నన్ను పిలవకు అన్న తరవాత ఆమె అతనితో మాట్లాడడం అదే మొదలు.

"నిండు సభలో మా అమ్మ విత్తనానికి తెగులు అంటగట్టావు. దాని పేరు ఇప్పటికీ పాపిష్టి పెసరే. మా పిల్లల్ని చూసి మిగతా పిల్లలు పక్కకు జరుగుతున్నారు. అది నేను మరిచిపోను బాబాయ్. నిన్ను క్షమించను కూడా."

"క్షమించకమ్మా" అన్నాడు నరసింగం.

ఆమె కాసేపు రాయిని గోకింది. "కానీ గౌరవాలూ వాళ్ళే తీసుకున్నారు, శిక్షలూ వాళ్ళే తీసుకున్నారు. వచ్చే ఏడు నా గింజకు ఎండ ఏ పేరుతో వస్తుంది?"

నరసింగం దగ్గర పేర్లన్నీ అయిపోయాయి.

"నీ గింజను అసలు కొట్టుకు తేవద్దు. గట్టు మీదే ఆరబోసుకో, ఏరుకో, బూడిద కలుపుకుని దాచుకో. ఎవరైనా అడిగితే సూరమ్మ గింజ అనేది ఒకటుందని నాకు తెలియనే తెలియదంటాను."

"కొట్టు నడిపేవాడివి, తెలియదంటే నమ్ముతారా?"

"ఇన్నాళ్ళు ఉద్యోగం చేశానమ్మా. నేను ఏం చెప్పినా వాళ్ళు నమ్మకపోవచ్చు, తెలియదంటే మాత్రం వెంటనే నమ్ముతారు."

కథన్నాక చివర ఒక నీతి ఉండాలంటారు కాబట్టి: గింజకు బూజు పట్టకుండా చూడడం తేలికే, ముందు దానికి సన్మానం పట్టకుండా చూసుకోవాలి.